మన గడపకు వచ్చే వైద్యవిద్యార్థి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బల్కంపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకోవడానికి కారణం మీ అందరికీ తెలిసిందే. 1982లో ఆ రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది సర్కారువారి దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చి చెప్పింది. ఈ వేదిక మీద మామూలుగా మనం మాట్లాడుకునేది కరువు భత్యం బకాయిలు, కమ్యుటేషన్, మెడికల్ బిల్లులు. వాటి మీద మాట్లాడడానికి నాకంటే సమర్థులున్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు.

నగరంలోని ఒక వైద్య కళాశాల నుంచి మన సంఘానికి ఉత్తరం వచ్చింది. తమ విద్యార్థులను మన సభ్యుల ఇళ్లకు పంపుతామనీ, పెద్దవయసువారి ఆరోగ్య పరిస్థితులు ఇంట్లోనే చూసి నేర్చుకునే అవకాశం ఇవ్వవలసిందనీ దాని సారాంశం. కార్యవర్గ సమావేశంలో దీని మీద రెండు అభిప్రాయాలు వచ్చాయి. "మనమేమన్నా ప్రయోగశాలలో ఎలుకలమా?" అని ఒక మిత్రులు లేచారు. "పిల్లలు నేర్చుకుంటారు, మనకు పోయేదేముంది, రానిద్దాం" అని ఇంకొకరు అన్నారు. రెండు మాటల్లోనూ సగమే నిజముందని నా ఉద్దేశం. వైద్య ఆరోగ్యశాఖలో 37 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, డాక్టర్ల టి.ఎ. బిల్లులు రాసినవాణ్ణి. ఆ హద్దులో ఉండే మాట్లాడతాను.

ముందుగా మన ఇరుగుపొరుగు కథ ఒకటి మనవి చేస్తాను. ఇక్కడికి ఎంతో దూరం లేదు, బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. ఆయన బ్రిటిషువారి సైనిక వైద్యుడు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమి పెరుగుతూ ఉండడాన్ని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా పాటిస్తుంది. మన నల్లకుంట ఫీవరాసుపత్రి కూడా ఆయన పేరుతోనే ఉంది.

అయితే ఆ దోమలు కుట్టింది ఎవరిని? హుసేన్ ఖాన్ అనే ఒక మలేరియా రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. ప్రపంచ వైద్యశాస్త్రానికి అంత పెద్ద పాఠం ఒక పేదవాడి ఒంటి మీదనే దొరికింది. రాస్ రాసిపెట్టుకున్నాడు కాబట్టి హుసేన్ ఖాన్ పేరైనా మిగిలింది. పేరు కూడా మిగలని రోగులు ఎన్ని లక్షల మందో! డాక్టరు విద్య పుస్తకంతో మొదలైనా, రోగి దగ్గరే పూర్తవుతుంది. కనుక రోగి కూడా ఒక గురువే. గురువుకు దక్షిణ ఏమిటన్నదే ఇవాళ్టి ప్రశ్న.

విద్యార్థిని ఆసుపత్రి దాటించి జనం మధ్యకు పంపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1943లో నియమించిన సర్ జోసెఫ్ భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. ప్రతి వైద్యవిద్యార్థికీ రోగనివారణ, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలని అందులో సిఫారసు చేశారు. రోగం వచ్చాక మందిచ్చేవాడే కాక, ఊళ్లో రోగం ఎందుకు వస్తున్నదో ఆలోచించేవాడు కూడా డాక్టరు కావాలని వారి అభిప్రాయం. ఆ తర్వాత 1975లో శ్రీవాస్తవ కమిటీ ఇంచుమించు అదే మాట మరింత గట్టిగా చెప్పింది. దాని ఫలితంగా 1977లో వైద్యవిద్యను పల్లెలవైపు మళ్లించే పథకం వచ్చింది. ఇంగ్లీషు పొడి అక్షరాలతో దానిని 'రోమ్' అనేవారు. మా ఆఫీసులో మాత్రం రోము స్కీమే. మరుసటి ఏడు, 1978లో, ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కూడి 2000 సంవత్సరం నాటికి అందరికీ ఆరోగ్యం అని ప్రకటించాయి. ఉత్సాహంగా ఉన్న రోజులవి.

ఆ రోజుల్లో నేను ఒక వైద్య కళాశాల ఆఫీసులో బిల్లుల సీటులో ఉండేవాణ్ణి. ఒక్కొక్క కళాశాల కొన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బాధ్యత తీసుకోవాలి, విద్యార్థులను, డాక్టర్లను అక్కడికి పంపాలి. అందుకోసం పెద్ద పెద్ద సంచార వైద్యశాల వ్యాన్లు వచ్చాయి. వ్యాను పెద్దది, పల్లెదారి చిన్నది. వానలు పడితే అది చెరువుకట్ట ఇవతలే ఆగిపోయేది. ఎండాకాలంలో డీజిల్‌కు బడ్జెటు ఉండేది కాదు. అయినా పోయినన్ని రోజులు పోయింది. నా బల్ల మీదికి మూడు కాగితాలు వచ్చేవి. ఒకటి లాగ్ బుక్కు నకలు, రెండు డీజిల్ బిల్లు, మూడు ఆనాడు చూసిన రోగుల సంఖ్య. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, ఎందరు రోగులు - ఈ మూడూ పొంతన కుదిరితే బిల్లు పాసు.

మిత్రులారా, ఆ ప్రొఫార్మాలో ఒక కాలమ్ లేదు. "కిందటిసారి చూసిన ఇంటికి మళ్లీ వెళ్లారా?" అన్న కాలమ్. అది పైవారు అడగలేదు, ఆడిట్‌వారు అడగలేదు. అడగని దాన్ని ఏ ఆఫీసైనా చేయదన్న సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? వారం వారం ఊరు మారేది, లేదా ఊరు అదే అయితే పిల్లల బ్యాచి మారేది. వ్యాను దగ్గర జనం వరుస కట్టేవారు, మాత్రలు తీసుకుని వెళ్లేవారు. వచ్చేవారం వచ్చే పిల్లవాడికి ఆ ముసలమ్మ కొత్త, ఆ ముసలమ్మకు ఆ పిల్లవాడు కొత్త. సేవ జరిగినట్టు కాగితం ఉంది. చదువు జరిగినట్టు హాజరుపట్టీ ఉంది. ఈ రెండూ కలిసిన జాడ మాత్రం ఎక్కడా కనబడదు.

కలిసిన చోట్లు లేకపోలేదు. మహారాష్ట్రలో వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో గాంధీగారి వైద్యురాలిగా పనిచేసిన డాక్టర్ సుశీలా నయ్యర్ 1969లో వైద్య కళాశాల స్థాపించారు. అక్కడ చేరిన విద్యార్థులు మొదట గాంధీగారి ఆశ్రమంలో కొన్నాళ్లు ఉండి, తమ పనులు తామే చేసుకోవాలి. ఆ తర్వాత ప్రతి బ్యాచి ఒక గ్రామాన్ని దత్తత తీసుకుంటుంది. రెండు వారాలు ఆ ఊళ్లోనే మకాం. ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలు కేటాయిస్తారు. చదువు సాగినన్నాళ్లు ఆ విద్యార్థి ఆ కుటుంబాల దగ్గరికే వెళ్తాడు. ఇంటి కోడలి కాన్పు, పసిబిడ్డ బరువు, మామగారి దగ్గు, ఇవన్నీ అతనికి తెలుసు. వాళ్లకు అతను తెలుసు.

ఇటు మన చిత్తూరు జిల్లావాళ్లు ఏ జబ్బు చేసినా రైలెక్కే వెల్లూరు ఉంది. అక్కడ ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో ఒక్క మంచంతో వైద్యశాల పెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది. రోగి రాలేకపోతే మనమే దారిలో ఎదురుపోవాలని, రోడ్డు పక్కన చెట్ల కింద వైద్యం చేస్తూ ఊళ్లు తిరిగేది. ఇప్పటికీ ఆ కళాశాల మొదటి సంవత్సరం విద్యార్థులను ఊళ్లో ఉంచి, ఇంటింటికీ తిప్పి, ఆ ఊరి బతుకు తెలుసుకునేలా చేస్తుంది.

ఈ అనుభవాలన్నీ చూశాక కాబోలు, జాతీయ వైద్య కమిషన్ 2021-22లో చేరిన ఎం.బి.బి.ఎస్. విద్యార్థులతో మొదలుపెట్టి దేశమంతటా కుటుంబాల దత్తత కార్యక్రమాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చింది. ప్రతి విద్యార్థి కనీసం మూడు, వీలైతే ఐదు కుటుంబాలను తీసుకోవాలి. మొదటి దశలో 27 గంటలు, రెండవ దశలో 30, మూడవ దశలో 21, మొత్తం 78 గంటలు ఇందుకు కేటాయించారు. ముఖ్యంగా పల్లె కుటుంబాల కోసం ఉద్దేశించిన కార్యక్రమం ఇది. పట్నంలో ఉండే మనకు కళాశాలల పట్టణ ఆరోగ్య శిక్షణ కేంద్రాల ద్వారా పిల్లలు వస్తారు. తెలంగాణలో జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కనుక ఇక ముందు ఏ ఊళ్లోనైనా, ఏ బస్తీలోనైనా తెల్లకోటు పిల్లలు తలుపు తట్టడం మామూలు సంగతి అవుతుంది.

ఇక్కడే నా భయం. 78 గంటలు అన్నది కూడా ఒక లాగ్ బుక్కే. గంటలు పూర్తయినట్టు సంతకం పడితే చాలు అనుకుంటే పాత వ్యాను కథే మళ్లీ వస్తుంది.

మా వెనకవీధి బస్తీలో ఒక పెద్దమ్మ ఉంది. ఎల్లమ్మ గుడి దగ్గర కొబ్బరికాయలు, పూలు అమ్ముతుంది. రెండేళ్ల కిందట ఏదో కళాశాల పిల్లలు నలుగురు వచ్చి, గంటన్నర కూర్చొని, పేజీలకు పేజీలు రాసుకున్నారట. ఇంట్లో ఎందరు, సంపాదన ఎంత, కట్టెల పొయ్యా గ్యాసా, నీళ్లు ఎక్కడివి. బి.పి. చూసి "శానా ఎక్కువుంది అమ్మమ్మా" అన్నారట. వెళ్లిపోయారు. ఎంత ఉందో కాగితం మీద రాసి ఇవ్వలేదు, ఎక్కడికి పోవాలో చెప్పలేదు, మళ్లీ రాలేదు. మొన్న ఈ సభ సంగతి చెబితే ఆమె నాతో అన్న మాట యథాతథంగా చెబుతున్నాను: "గన్ని రాసుకపోయిన్రు గద సారూ, గా రాసుకున్నది మాకేమన్న జెప్తరా, లేకపోతె పరీచ్చల పెట్టి పాసైతరా?"

ఇంతకంటే సూటిగా ఏ కమిటీ నివేదికా అడగలేదు. హుసేన్ ఖాన్‌కు కనీసం అణా దక్కింది. ఈమెకు దక్కింది భయం ఒక్కటే.

ఈ ప్రశ్న మన ఒక్కచోటిదే కాదు. ఇంగ్లండులో వైద్యవిద్యార్థులు చదువు చివర కొన్ని వారాలు ఇతర దేశాలకు వెళ్లి చూసివచ్చే ఆనవాయితీ ఉంది. అమెరికానుంచీ అలాగే ఆఫ్రికాకు, ఆసియాకు వస్తారు. మన సభ్యుల్లోనే అమెరికాలో ఉన్న మనవడో మనవరాలో మెడికల్ సీటుకు దరఖాస్తు చేసే ముందు సెలవుల్లో వచ్చి, ఇక్కడి వైద్యశిబిరాల్లో సాయం చేసినవారున్నారు. మంచిదే. కానీ అక్కడ చేయనివ్వని పనిని ఇక్కడి పేదవాడి మీద చేసి నేర్చుకుంటే అది సేవ అనిపించుకోదు. ఇలాంటి రాకపోకలు ఎక్కువయ్యాక, ప్రపంచ ఆరోగ్య శిక్షణలో పాటించవలసిన నీతి గురించి ఒక అంతర్జాతీయ కార్యవర్గం 2010లో నియమాలు ప్రచురించింది. వచ్చే విద్యార్థికి ఎంత లాభమో, ఆతిథ్యమిచ్చే ఊరికీ అంత లాభం ఉండాలి. తన శిక్షణకు మించిన పని విద్యార్థి చేయరాదు. ఆతిథ్యమిచ్చేవారికయ్యే ఖర్చు, శ్రమ లెక్కలోకి రావాలి. దేశం దాటి వచ్చేవారికి వర్తించే న్యాయం, సిటీ బస్సెక్కి వచ్చేవారికి మాత్రం ఎందుకు వర్తించదు?

అయితే రావద్దందామా? కూడదు. ఆసుపత్రి వార్డులో ఎంత చదివినా దొరకని పాఠాలు మన ఇళ్లల్లో ఉన్నాయి. వార్డులో రోగి మంచం మీద ఉంటాడు, మందు నర్సమ్మ వేస్తుంది. ఇంట్లో మందు వేసేదెవరు? మాత్రలు ఎక్కడుంటాయి? మనలో సగంమందికి మందుల డబ్బా అంటే పాత బిస్కట్ డబ్బా. అందులో ఈ నెలవి, పోయిన నెలవి, స్వర్గస్థులైన వారివి కూడా ఉంటాయి. మనకు తెలిసిన ఒక సభ్యునికి గుండె డాక్టరు ఒక బి.పి. మాత్ర రాశాడు, సుగరు డాక్టరు ఇంకొకటి రాశాడు. అట్టల మీద పేర్లు వేరు. ఆయన నిష్ఠగా రెండూ వేసుకున్నారు. పొద్దున మంచం దిగగానే కళ్లు తిరిగేవి. ఇంటికి వచ్చిన విద్యార్థిని ఒకమ్మాయి అట్ట వెనక సన్న అక్షరాలు చదివి, రెండూ ఆమ్లోడిపినే అని పట్టుకుంది. తాను మాన్పించలేదు. తన టీచరుకు చెప్పి, ఆయన ద్వారా గుండె డాక్టరుకు చీటీ రాయించింది. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బి.పి. చూడాలన్న సంగతి ఆ అమ్మాయి పుస్తకంలో చదివే ఉంటుంది. ఎందుకు చూడాలో మాత్రం ఆ ఇంట్లో తెలుసుకుంది. ఆ అమ్మాయి నేర్చుకుంది, ఆయన కిందపడకుండా బయటపడ్డారు. నేను అడిగేది ఇదే. రెండూ ఒక్కచోట జరగాలి.

కనుక కళాశాలకు మన జవాబు "రండి" అనే ఉండాలి. కానీ షరతులతో ఉండాలి. నా ప్రతిపాదనలు ఆరు.

మొదటిది, ఒక ఇంటికి వచ్చిన విద్యార్థి కోర్సు పూర్తయ్యేవరకు అదే ఇంటికి రావాలి. మారవలసివస్తే కొత్తవారిని పాతవారే తీసుకొచ్చి పరిచయం చేయాలి.

రెండవది, బి.పి., సుగరు, బరువు ఏది చూసినా ఇంట్లో ఉంచే ఒక నోటుపుస్తకంలో తేదీతో తెలుగులో రాయాలి. ఆ పుస్తకం మనది, వారిది కాదు.

మూడవది, తేడా కనిపిస్తే ఎక్కడికి, ఏ రోజు, ఎవరిని కలవాలో చీటీ ఇవ్వాలి. బస్తీ దవాఖానా కావచ్చు, పెద్దాసుపత్రి కావచ్చు. ఆ తర్వాత పోయారా లేదా అని మళ్లీ వచ్చి అడగాలి. నాడు మా ప్రొఫార్మాలో లేని కాలమ్ ఇదే.

నాలుగవది, విద్యార్థి సొంతంగా మందు రాయకూడదు, మాన్పించకూడదు, సూది వేయకూడదు. వెంట టీచరు ఉండాలి, లేదా ఫోనులో అందుబాటులో ఉండాలి.

ఐదవది, గుర్తింపు కార్డు చూపించాలి, వచ్చే రోజు ముందుగా సంఘానికి తెలపాలి. లైఫ్ సర్టిఫికెట్ పేరు చెప్పి మోసాలు చేసేవారు తిరుగుతున్న రోజులివి. పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్, ఓ.టి.పి. ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదు. ఒంటరిగా ఉండే అమ్మల ఇళ్లకు ఆడపిల్లలే రావాలి. మన అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు. ఇష్టం లేనివారు ఏ రోజైనా వద్దనవచ్చు, దానివల్ల వైద్యంలో తేడా రాకూడదు.

ఆరవది, ఏడాదికొకసారి ఇదే హాలులో వారు మనకు లెక్క చెప్పాలి. ఎన్ని ఇళ్లు చూశారు, ఏమి కనుగొన్నారు, ఎవరికి మేలు జరిగింది, ఏది చేయలేకపోయారు. పేర్లు చెప్పకుండా చెప్పవచ్చు.

ఇవి వారికి. మనకూ కొన్ని బాధ్యతలున్నాయి, అవి కూడా మనవి చేస్తాను. అబద్ధం చెప్పవద్దు. "రోజూ నడుస్తాను, ఊరగాయ ముట్టను" అని చెప్పి వంటింట్లో ఆవకాయ జాడీ దాచిపెడితే ఆ పిల్ల తప్పు పాఠం నేర్చుకుంటుంది. మందుల డబ్బా మొత్తం తెచ్చి ముందు పెట్టండి. చెవి వినపడకపోతే వినపడటం లేదని చెప్పండి, వినపడినట్టు తల ఊపకండి. మందు రాయమని వారిని మొహమాటపెట్టవద్దు. వారి ర్యాంకు ఎంత, డొనేషన్ ఎంత, ఏ కులం, సంబంధాలు చూస్తున్నారా అని దయచేసి అడగవద్దు! వారు వచ్చింది నేర్చుకోవడానికి, పెళ్లిచూపులకు కాదు.

ఇంకొక్క మనవి. కళాశాలవారు మనల్ని ఎంచుకోవడానికి ఒక కారణం మనం చదువుకున్నవాళ్లం, ఫారం నింపడం తెలిసినవాళ్లం కావడం. మన ఇల్లు సులభం. కానీ ఇల్లు కదలలేనివారు, పెన్షన్ లేనివారు, పూలు అమ్ముకునే ఆ పెద్దమ్మ లాంటివారు మన వీధి వెనకనే ఉన్నారు. మన పది ఇళ్లతోపాటు బస్తీలో పది ఇళ్లు కూడా ఇవే షరతుల మీద తీసుకోవాలని ఉత్తరంలో రాయాలని నా కోరిక. వారి తరఫున నోటుపుస్తకం చదివిపెట్టే పని, చీటీ పట్టుకుని దవాఖానాకు తోడువెళ్లే పని మనలో నడవగలిగినవాళ్లం చేయవచ్చు. ఇన్నేళ్లు ఫైళ్లు వెంటపడి నడిపించినవాళ్లం, ఒక రోగి చీటీ వెంటపడలేమా?

నకారా తీర్పు మనకు నేర్పింది ఒక్కటే. మనకు రావలసింది దయగా కాదు, న్యాయంగా రావాలి. మన గడప తొక్కి, మన ఒంటి సంగతులు రాసుకునే విద్యార్థి దగ్గర కూడా మనకు ఆ పాటి హక్కు ఉంది. ఆ హక్కును మర్యాదగా, లిఖితపూర్వకంగా అడుగుదాం. ఈ ఆరు అంశాలతో జవాబు ముసాయిదా తయారుచేసి కార్యదర్శిగారికి ఇచ్చాను. చదివి, చేర్చవలసినవి చేర్చి, తీసివేయవలసినవి తీసివేసి, సర్వసభ్య సమావేశం తీర్మానంగా పంపవలసిందిగా కోరుతున్నాను.